దగ్గర

ఎక్కడమ్మా మీది, అంటారు
చెయ్యి చాపి, మొహం పక్కకి తిప్పుకుని.
సూది వంక చూడకుండా ఉండాలంటే ఏదో ఒకటి అడగాలి కదా.
బెజవాడ దగ్గర, అంటాను
నరం వెతుక్కుంటూ.

మాచర్ల నుంచి వచ్చినాయన, తిరువూరు నుంచి వచ్చినావిడ
ఊరి పేరు చెబితే
ఊరంతా నోట్లో ఉన్నట్టు చెబుతారు.
నేను మాత్రం పదేళ్లుగా
పక్కింటివాళ్ల పేరు చెప్పి మా ఇల్లు చూపిస్తున్నాను.

సూర్యారావుపేటలో ల్యాబు మూసేసరికి తొమ్మిదిన్నర.
జానీబాషా ఆటోలో తొమ్మిదో మనిషి కోసం ఆగుతాం.
ఎనిమిదిమందిమీ వాణ్ని తిట్టుకుంటాం,
వచ్చాక జరుగుతాం.
బ్యారేజీ ఎక్కగానే మాటలు ఆగిపోతాయి
ఆపమని ఎవరూ చెప్పరు.
నా చున్నీకి పట్టిన స్పిరిట్ వాసన
డెబ్బై గేట్ల పొడుగునా
కొంచెం కొంచెంగా కృష్ణలో కలిసిపోతుంది.

మా బోర్డు మూడుసార్లు రంగు మార్చుకుంది
పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్.
పన్ను కాగితం బరువెక్కింది.
కొళాయి మాత్రం పంచాయతీలోనే ఉండిపోయింది
పొద్దున ఆరింటికి ఒక గంట, అదీ దగ్గుతూ.

బిర్యానీ చెబితే
ఏటి అవతల కదా మేడం, రాదు, అంటాడు కుర్రాడు.
మా ఇంటి ఓనరు సువార్తమ్మగారైతే బెజవాడనే అవతల అంటుంది.
"అవతల మనుషులు, పాపం,
నీడన బండి పెట్టుకున్నా డబ్బులు కట్టాలంట."
డాబా మీద వడియాలు తిరగేస్తూ చెబుతుంది.
అక్కడినుంచి అమ్మవారి కొండ దీపాలు కనిపిస్తాయి.
కొండ ఎక్కేవాళ్లకి కొండ కనపడదు
మాకు కనపడుతుంది.

అసలు రైళ్ల సంగతి చెప్పాలి.
బెజవాడలో ప్లాట్‌ఫారం ఖాళీ లేక
మా పెరటి వెనక ఆగిపోతాయి.
పెట్టెకీ మా గుమ్మానికీ మధ్య ఒక గోడ, ఒక దండెం.
జనం అప్పటికే సామాన్లు దించుకుని
తలుపుల్లో నిలబడి ఫోన్లలో అరుస్తుంటారు
వచ్చేశాం, బెజవాడ వచ్చేశాం, నువ్వు బయల్దేరు.
దండెం మీద నా నైటీని, డబ్బాల్లో బొగడబంతుల్ని,
సున్నం రాలిన ట్యాంకుని
చూస్తూనే ఉంటారు
చూడరు.
వాళ్ల ప్రయాణంలో మేం ఆలస్యం.
నా చిన్నకూతురు ఇంకా చెయ్యి ఊపుతుంది,
పెద్దది మానేసింది.

మొన్న మే నెలలో ఒకటి నలభై నిమిషాలు ఆగింది.
చంకలో పిల్లాడితో ఒకావిడ దిగి
కంకర మీద తడబడుతూ వచ్చి
గోడ మీంచి ఖాళీ సీసా చాపింది.
ట్యాంకు నీళ్లు కాకుండా
బిందెలో ఉన్న ఫిల్టరు నీళ్లు పట్టిచ్చాను.
మూత బిగించుకుంటూ అడిగింది
విజయవాడ ఇదేనా అక్కా?
కాదమ్మా, దగ్గర.
మరిదే ఊరు?

ఇంతకాలం ఎవరూ అడగని మాట.
తాడేపల్లి, అన్నాను.
సూది గుచ్చేముందు రాసే దూదిలా
నాలిక మీద చల్లగా తగిలింది.
అంతలో కూత. పరుగు.
మెట్టెక్కుతూ పిల్లాడితో అంటోంది
తాడేపల్లి నీళ్లురా, తాగు.

మర్నాడు ల్యాబులో మళ్లీ ఎవరో అడిగారు
ఎక్కడమ్మా మీది?
బెజవాడ దగ్గర, అనేశాను.
అలవాటు.

రాత్రి ఆటో దిగుతుంటే జానీబాషా
ఇరవై నోటు పట్టుకుని
మీ దగ్గర ఐదు రూపాయల చిల్లరుందా అక్కా, అన్నాడు.
దగ్గరంటే పక్కన అని మాత్రమే అనుకుంటూ
పదేళ్లు గడిపేశాను.
వీధిలైటు లేదు.
సంచి అడుగున వేళ్లతో తడిమాను,
నరం తడిమినట్టు.
ఉండు బాషా,
ఉంది.
నా దగ్గరే ఉంది.